శేషమ్మగారి పాదాలు

గురజాల దగ్గర ఒక మ్యూజియం గోడ మీద నా పేరుందని తెలిశాక నాలుగు రోజులపాటు నేను ఇంట్లో కాస్త నెమ్మదిగా నడిచాను. గోడకెక్కినవాళ్లు గబగబా నడవకూడదని ఎందుకో అనిపించింది. "మోకాళ్లు నొప్పా?" అని మా ఆవిడ సుగుణ రెండుసార్లు అడిగింది.

ఆ కబురు చెప్పింది నా పాత విద్యార్థి శ్రీనివాసు. ఇప్పుడు వాడు కూడా మేష్టరే. "సార్, మా స్కూలు పిల్లల్ని శిల్పి కోటాచారి మ్యూజియానికి తీసుకొచ్చానండీ. ఇక్కడ మీ పేరు ఫ్రేము కట్టి పెట్టారు సార్!" అని ఫోనులో అరిచాడు. ఏం రాసుందని అడిగితే, "రెండు పేజీలుంది సార్, చదివే టైము లేదు, పిల్లలు బొమ్మల మీదికెక్కుతున్నారు" అని ఫొటో తీసి పంపాడు. అద్దం మీద ట్యూబులైటు వెలుగు పడి అక్షరాలన్నీ తెల్లగా పోయాయి. అడుగున నా పేరూ సంతకమూ మాత్రం శుభ్రంగా కనిపిస్తున్నాయి. వాటినే పెద్దవి చేసుకుని చూసుకున్నాను.

నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయి సత్తెనపల్లిలో ఉంటున్నాను. మొదటి ఉద్యోగం మాచర్లలో ఒక ప్రైవేటు కాలేజీలో. ముప్పై ఏళ్ల కిందటి మాట. కోటాచారి చేసిన ఒక విగ్రహం మీద అప్పుడేదో అభిప్రాయం రాసిచ్చిన గుర్తు. ఏం రాశానో గుర్తులేదు. గుర్తులేదు కాబట్టి మెచ్చుకునే ఉంటానని తేల్చుకున్నాను. నాలుగో రోజుకల్లా, ఎవరికీ పట్టని ఒక పల్లెటూరి శిల్పిని మొట్టమొదట గుర్తించిన మనిషిని నేనేనన్న నమ్మకం కుదిరింది. శనివారం బయలుదేరాను.

పొద్దున మాచర్ల ప్యాసింజరుకు వెళ్లాలనుకున్నాను. తెల్ల లాల్చీ మీద ఇస్త్రీ మడత వంకరగా కనిపిస్తే మళ్లీ చేయించుకున్నాను. నేను స్టేషను చేరేసరికి రైలు వెళ్లిపోయింది, లాల్చీ మాత్రం నలగలేదు. అక్కడినుంచి బస్టాండుకొచ్చి ఏడుంబావు మాచర్ల బస్సెక్కాను. శాలువా కప్పితే పెట్టుకోవడానికి చేతిసంచిలో కాస్త జాగా వదిలాను. ఈ సంగతి సుగుణకు చెప్పలేదు.

పక్క సీట్లో నా వయసు ఆవిడ, ఒళ్లో మామిడికాయల సంచితో కూర్చుంది. దాచేపల్లిలో కూతురి దగ్గరికట. ఆమె అడగకుండానే నేను గురజాల ఎందుకు వెళుతున్నానో చెప్పాను.

"మూజియమంటే పాతకాలపు సామాను పెట్టేది గదా అన్నయ్యా?" అంది.

"అవునమ్మా, అట్లాంటిదే."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. "సర్లే, పెట్టదగ్గ వయసే" అని కిటికీ వైపు తిరిగింది.

ఎనిమిదిన్నరకు పిడుగురాళ్ల. అక్కడ బస్సు పది నిమిషాలు ఆగుతుంది. నిలబడి ఇడ్లీ తినేలోగా సున్నపు బట్టీల పొడి గాల్లో వచ్చి లాల్చీ భుజాల మీద వాలింది. తెల్ల బట్ట మీద తెల్ల పొడి కనబడదని సంతోషించాను గానీ, దులుపుకుంటుంటే చేతికున్న కారప్పొడి అంటుకుని అది మాత్రం బాగా కనబడింది. తొమ్మిదిన్నరకు గురజాలలో దిగాను.

మ్యూజియం ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది, ఆటోలో వెళ్లాలి. నాకు దొరికిన డ్రైవరు బాజీ, నలభై ఏళ్ల మనిషి. దారంతా మిరప చేలు చూపిస్తూ ఈసారి తెగులు ఎట్టా వచ్చిందో చెప్పబోయాడు. నేను అతన్ని చెప్పనివ్వలేదు. కోటాచారిని లోకానికి పరిచయం చేసిన తీరు నేనే చెప్పాను.

"అయితే గోడ మీది పేరు మీదేనా సార్!" అన్నాడు బాజీ. "రెండేళ్ల నుంచి జనాన్ని దించతన్నా గానీ ఒక్కసారన్నా లోపలికి పోలా. ఇయ్యాల మీరే ఉన్నారు గదా, నాకూ చెప్పండి ఆ బొమ్మలేందో."

ఇంతకన్నా ఏం కావాలి? ఆటో పక్కన పెట్టించి వెంట తీసుకెళ్లాను.

మ్యూజియమంటే ఒకప్పటి పత్తి గోడౌను. రేకుల కప్పులో అక్కడక్కడా వెలుగు రేకులు వేసి, లోపల సున్నం కొట్టారు. టిక్కెట్టు లేదు. పక్కనే కోటాచారి కూతురు నాగరత్నం ఇల్లు. తాళం వేసుంటే ఆమెను పిలవాలి. మేం వెళ్లేసరికి తలుపు తెరిచే ఉంది. ఆమె ఇంట్లోంచి తొంగిచూసి, "చూస్తా ఉండండి సార్, పొయ్యి మీద అన్నం ఉంది, దించి వస్తా" అంది. నన్ను గుర్తుపట్టలేదు. చూడగానే గుర్తుపడుతుందని నేనెందుకనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

కోటాచారి బతుకుతెరువుకు గుళ్లకు దేవుళ్లనూ, ఊళ్లకు బొడ్డురాళ్లనూ, సమాధులకు పలకలనూ చెక్కేవాడట. అవి ఆయా ఊళ్లలోనే ఉన్నాయి. ఇక్కడ ఉన్నవి ఆయన తనకోసం చేసుకున్నవి. అన్నీ పలనాటి సున్నపురాయే, కాస్త పచ్చదనం కలిసిన బూడిద రంగు. మిరపకాయలు కోస్తూ నడుం పట్టుకున్న ఆవిడ, టిక్కెట్ల సంచి చంకన పెట్టుకుని చిల్లర వెతుక్కుంటున్న కండక్టరు, పడుకుని నెమరేస్తున్న గేదె. గేదె దవడ ఒకపక్కకి జరిగి ఉంది. దాని ముందు నిలబడితే ఆ దవడ తిరిగి ఇవతలికి వస్తుందేమోనని చూస్తాం.

నేను మాత్రం చూడలేదు, ఉపన్యసించాను. రేఖ అన్నాను, లయ అన్నాను, అమరావతి సంప్రదాయం అన్నాను. బాజీ గేదె చుట్టూ తిరిగి, "ఈనబోతా ఉంది సార్ ఇది" అన్నాడు. నేను వినిపించుకోలేదు.

ఎడమ గోడ పొడుగునా ఒక చెక్క అర ఉంది. దాని మీద వరసగా రాతి పాదాలు. లెక్కపెడితే ముప్పై ఒకటి. ముసలి పాదాలు, బాలింత పాదం, పగిలిన మడమలు, ముల్లు గుచ్చుకుని వేళ్లు ముడుచుకున్న పాదం. ఒక్కదానికీ పైన మనిషి లేడు. కానీ ప్రతి పాదం చూసినా పైన మనిషి ఎట్లా నిలబడి ఉంటాడో తెలుస్తోంది.

"చూశావా బాజీ," అన్నాను, "ఇది మామూలు సాధన కాదు. ఎవరో గొప్ప గురువు ఈయన లోపం ఎత్తి చూపించి ఉండాలి. లేకపోతే ఒక శిల్పి ఇన్ని పాదాలు చెక్కడు."

"ఎవురు సార్ ఆ గురువు?"

"చరిత్రకు అందలేదు" అన్నాను గంభీరంగా.

అర చివర, వెలుగు రేకు కింద, నిలువెత్తు విగ్రహం ఉంది. ఒక ముసలావిడ. కొంగు నడుముకి బిగించి, మెడ కాస్త ముందుకు చాచి, నోరు సగం తెరిచి ఉంది. ఎవరినో కేకేస్తోంది. పాదాలు పెద్దవి, నేలకు అతుక్కున్నట్టున్నాయి. పక్కనే గోడకి ఫ్రేము. అద్దం వెనక పసుపుపచ్చ కాగితాలు రెండు, కింద నా సంతకం.

"ఇదేనా సార్ మీది?" అని బాజీ నాకంటే ముందే అక్కడికి చేరాడు. కళ్లజోడు తీసుకోవడానికి నేను జేబు తడుముకుంటుండగా, కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టాడు.

"'వి-గ్ర-హమునకు హుందాతనము లేదు. పా-ద-ములు శరీరమునకు తగిన ప్రమాణములో లేవు. దానశీలియగు వనితకు బదులు, కలుపు తీయుటకు బయలుదేరిన కూలి మనిషి కనబడుచున్నది. శిల్పికి శరీర నిర్మాణ జ్ఞానము స్వల్పము. కావున ఈ విగ్రహమును కాలేజీ ఆవరణలో ప్రతిష్ఠించుట తగదు...'" ఆగి నావైపు తిరిగాడు. "సార్, ఇది మెచ్చుకున్నట్టా, తిట్టినట్టా?"

"తిట్టినట్టేనన్నా" అంది వెనకనుంచి నాగరత్నం. చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. "ఏ ఊరు సార్ మీది? పేరు?"

"సత్తెనపల్లి. రామారావు" అన్నాను.

నా పేరు విశ్వనాథం. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చూసి నేనే ఆశ్చర్యపోయాను. అది ఎంతోసేపు నిలవలేదు.

"అదేంది సార్!" అన్నాడు బాజీ. "దారంతా ఆ పేరు మీదేనంటిరి గదా! లోకానికి పరిచయం చేసింది మీరేనంటిరి!"

ఆ గోడౌనులో నేల నాపరాయి. భూమిలోకి కుంగిపోదామంటే కాలు దూర్చే సందు ఎక్కడా లేదు.

నాగరత్నం లోపలికొచ్చింది. ఒక ప్లాస్టిక్ కుర్చీ లాగి, "కూర్చోండి మేష్టారూ" అంది. కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఒక్కొక్కటిగా.

కాలేజీకి పొలం ఇచ్చింది శేషమ్మగారు. ఆమె విగ్రహం పెట్టాలని కమిటీ వేసి, చరిత్ర లెక్చరరునని నన్నూ అందులో వేశారు. కోటాచారి విగ్రహాన్ని ట్రాక్టరు మీద తెచ్చాడు. మిట్టమధ్యాహ్నం. విగ్రహం ట్రక్కులో వెల్లకిలా పడుకుని ఉంది, పాదాలు మావైపు. నేను ట్రక్కు వెనక నిలబడి, టార్పాలిన్ ఎత్తి, పది నిమిషాలు చూశాను. కళ్లెదుట పాదాలు, ఎక్కడో దూరాన తల. పాదాలు పెద్దవిగా కాక ఎట్లా కనిపిస్తాయి? అవతల భోజనాలు వడ్డిస్తున్నారు. సాయంత్రం కూర్చుని, నా కొత్త ఉద్యోగం గొప్పా నా భాష గొప్పా అన్నీ కనబడేలా రెండు పేజీలు రాసిచ్చాను. కమిటీ విగ్రహాన్ని నా కాగితాలతో సహా వెనక్కి పంపింది. వేరేచోట సిమెంటుతో చేయించిన ఇంకో శేషమ్మగారికి బంగారు రంగు వేసి కాలేజీలో పెట్టారు. దాన్ని చూసి ఏ అమ్మవారని అడిగినవాళ్లున్నారు.

"మా నాన్న ఆమె కాలు కొలిచే చేశాడు సార్" అంది నాగరత్నం. విగ్రహం పక్కనున్న అద్దాల పెట్టె చూపించింది. అందులో పాత వార్తాపత్రిక మీద నీలం పెన్సిలుతో గీసిన ఒక పాదం గుర్తు ఉంది. "శేషమ్మగారు మా ఇంటికొచ్చి దీని మీద కాలుపెట్టి నిలబడింది. బొమ్మ అయినాక చూసి, ఇయి నా కాళ్లేరా అబ్బాయ్ అని చానాసేపు నవ్విందంట. నాకు అప్పుడు పదేళ్లు."

"మరి ఈ ఉత్తరం ఎందుకు దాచారమ్మా?" అన్నాను.

"దాచలా సార్. పని చేసుకునే చోట, ఎదురుగా తగిలించుకున్నాడు. అందరూ వచ్చి బాగుంది ఆచారీ అని పోయేవాళ్లు. నా బొమ్మ గురించి రెండు పేజీలు రాసినోడు ఈయనొక్కడే అనేవాడు. ఆ సారు చదువుకున్నాయన, ఏదో ఉండే ఉంటది అని పాదాలు మొదలుపెట్టాడు. ఏటా ఒకటో రెండో చెక్కేవాడు. పోయేదాకా చెక్కాడు."

చరిత్రకు అందని గురువు ఎవరో బాజీకి అర్థమయింది. పాపం, బయటికెళ్లి ఆటో తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఒకటి అడగొచ్చా మేష్టారూ?" అంది నాగరత్నం. "ఆ కాలి గుర్తు కాగితం పట్టుకుని నాన్న మీ ఇంటికొచ్చాడు, కొలత చూపిద్దామని. నేనూ ఉన్నా. మీరు ఇంట్లో లేరని అమ్మగారు చెప్పారు. వస్తారేమోనని అరుగు మీద చానాసేపు కూర్చున్నాం. మీ చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నయ్. ఆరోజు మీరు ఇంట్లో ఉన్నారా?"

ముప్పై ఏళ్ల తర్వాత ఎవరైనా ఇట్లా అడుగుతారని ఏ మనిషీ ఊహించుకోడు. 'ఏమో తల్లీ, గుర్తులేదు' అనడానికి నోరు తెరిచాను. ఆమె ఎదురుచూస్తోంది, కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని.

"ఉన్నానమ్మా" అన్నాను. "లోపలి గదిలో మంచం మీద పడుకుని పేపరు చదువుకుంటున్నాను. లేనని చెప్పమన్నది నేనే. ఆయన నిలదీస్తే జవాబు లేదు నా దగ్గర."

ఆమె తల ఊపింది. "అనుకున్నా" అంది. "నాన్న మాత్రం, పెద్దవాళ్లకి రెండు జతలుంటయ్యే, నువ్వు నోరుమూసుకో అన్నాడు."

నాకు అప్పట్లో ఒక్క జతే ఉండేది.

ఇట్లాంటప్పుడు బుద్ధున్నవాడు తలవంచుకుని వచ్చేస్తాడు. నేను లెక్చరరును. "అమ్మా, దాన్ని తీసేయండి, కొత్తగా ఇంకో అభిప్రాయం రాసిస్తాను" అన్నాను.

"తీయను సార్. నాన్న పెట్టుకున్నది అది. మీరు రాస్తానంటే రాయండి, పక్కన పెడతా" అంది. "ఈసారి చూసి రాయండి."

కుర్చీ విగ్రహం ఎదురుగా వేసుకుని పదకొండుకు కూర్చున్నాను. మొదటి అరగంటలో ఒక పేజీ నిండింది. ఆమె చదివి, "మహత్తరం, అద్వితీయం... ఇదేంది సార్ ఇట్టా ఉంది? శేషమ్మగారు ఎక్కడా లేదు ఇందులో. దీనికంటే మొదటిదే నయం, పాదాలన్నా ఉన్నయ్" అని తిరిగిచ్చింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను ఎన్ని వేల జవాబు పత్రాలు దిద్దానో తెలియదు. నా పేపరు ఇంత న్యాయంగా దిద్దినవాళ్లు లేరు.

మధ్యాహ్నం బాజీకీ నాకూ తన ఇంట్లోనే అన్నం పెట్టింది. పప్పు, గోంగూర పచ్చడి. వద్దనడానికి మొహమాటపడ్డాను, తినడానికీ మొహమాటపడ్డాను, అయినా రెండోసారి పెట్టించుకున్నాను. బాజీ ట్రిప్పులకు పోయి నాలుగున్నరకు వస్తానన్నాడు.

మళ్లీ వెళ్లి కూర్చున్నాను. కప్పులోంచి పడే వెలుగు జరిగేకొద్దీ విగ్రహం మారుతుంది. మధ్యాహ్నం దాకా ఆమె ఎవరినో తిడుతోందనుకున్నాను. మూడయ్యేసరికి, వెలుగు చెంప మీదికి వచ్చాక, చేలోనుంచి ఎవరినో అన్నానికి పిలుస్తున్నట్టుంది. కుడి పాదం బొటనవేలు నేలను తొక్కిపట్టి ఉంది. ఎడమ మడమ ఒక్క గింజంత పైకి లేచి ఉంది. అడుగు వేయబోతోంది. ఆ మడమ లేవాలంటే ఆ పాదాలు అంత ఉండాలి. చిన్న పాదాల మీద అంత మనిషి అట్లా ముందుకు వంగితే పడిపోతుంది. ఇది కనిపెట్టడానికి చరిత్ర అక్కర్లేదు. నిలబెట్టి ఉన్న విగ్రహాన్ని నిలబడి చూస్తే చాలు.

నాలుగింటికి రాశాను. మొత్తం నాలుగు వాక్యాలు. 'పాదాల గురించి నేను రాసింది తప్పు. ఆరోజు విగ్రహం పడుకుని ఉంది, నేను సరిగా చూడలేదు. కోటాచారిగారు కొలత చూపించడానికి మా ఇంటికి వచ్చారు. నేను ఇంట్లోనే ఉండి లేనని చెప్పించాను.' కింద సంతకం పెట్టాను.

నాగరత్నం రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుంటుందేమోనని భయపడ్డాను. ఆమె కాగితాన్ని జాగ్రత్తగా ఒక పాత క్యాలెండరు అట్టల మధ్య పెట్టి, "మాచర్ల పోయినప్పుడు ఫ్రేము కట్టిస్తా" అంది. గుమ్మం దాకా వచ్చి, "పోయిరండి మేష్టారూ" అంది. వచ్చినప్పుడు అన్న 'సార్' కంటే ఆ పిలుపు నాకు చాలా దగ్గరగా వినిపించింది. అది కూడా నా గొప్పే అనుకునే అలవాటు ఉంది కాబట్టి ఎక్కువ ఆలోచించలేదు.

బాజీ ఐదింటికల్లా గురజాల బస్టాండులో దించాడు. దిగేటప్పుడు, "మిరప తెగులు సంగతి చెప్పబోయావు గదా, చెప్పు" అన్నాను. పది నిమిషాలు చెప్పాడు. ఇప్పుడు నాకు మిరప గురించి కొంత తెలుసు.

ఐదుంబావు బస్సులో కిటికీ సీటు దొరికింది. వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను: ఒక రోజు సరిపోతుంది, నీళ్ల సీసా తీసుకెళ్లండి, నిలబడి చూడండి. అక్కడ అరవైకి పైగా బొమ్మలున్నాయి. నేను చూసింది ఒక్కటే. మిగతావాటి మీద నా అభిప్రాయం ఎవరూ అడగకుండా ఉంటే మంచిది.

పిడుగురాళ్ల దాటాక సుగుణకు ఫోను చేశాను. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. శాలువా సంగతి కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఆ పిల్ల ఎట్లా ఉంది?" అంది.

"నీకు గుర్తుందా?"

"ఎందుకు లేదు? గ్లాసుతో మజ్జిగ ఇచ్చాను. తాగుతూ మీ చెప్పుల వంకే చూసింది. కాలితో వాటిని తలుపు వెనక్కి నెట్టింది నేనే. నేను నెట్టడం కూడా చూసింది."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఇన్నేళ్లూ నాతో ఒక్కసారి అనలేదేం?" అన్నాను.

"మీరు లేరని చెప్పమన్నారు, చెప్పాను. తర్వాత ఎప్పుడు అడిగారు గనక?" అంది. వెంటనే, "వచ్చే శనివారం రైలుకి పోదాం. నేను ఆ అమ్మాయితో మాట్లాడాలి. మీరు రాకపోయినా ఫర్వాలేదు" అంది.